యేసురత్నం నాలుగు గొంతులు

"రత్నం, నువ్వు మైకులో చెప్పేదాంట్లో ఒక్క ముక్కయినా నువ్వెప్పుడైనా నమ్మేవా?"

కొత్తపేట సెంటర్లో కిళ్లీ కొట్టు ముందు పట్టపగలు ఈ మాట అడిగినాయన రిటైర్డు లెక్కల మాస్టారు రామ్మూర్తి గారు. ఆ పూట యేసురత్నం ఆటో ముందు ఒక పార్టీ జెండా ఎగురుతోంది. సాయంత్రానికి కట్టాల్సిన రెండో పార్టీ జెండా మడతపెట్టి సీటు కింద ఉంది. మాస్టారు రెండూ చూసే అడిగారు.

"నమ్మితే గొంతు వణుకుద్దండి మాస్టారూ. వణికితే రేపట్నుంచి ఎవరు పిలుస్తారండీ?" అన్నాడు యేసురత్నం.

అక్కడున్న నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. పనిమీద అడిగిన ప్రశ్నకి పనివాడిచ్చిన జవాబు అది.

రాజోలుకి మూడు కిలోమీటర్లలో కాలవ గట్టునున్న పేట అతనిది. తాతలు పాలేర్లు, తండ్రి రోజు కూలీ. చర్చి పక్కనే బడి ఉండటంవల్ల ఆ పేటలో టీచర్లున్నారు, నర్సులున్నారు, బ్యాంకులో చేసి రిటైరైన విజయ్ కుమార్ లాంటి పెద్దమనుషులున్నారు. యేసురత్నం ఇంటర్ తప్పాడు. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని మాత్రం అతనికే ఇచ్చేవారు, ఎందుకంటే అతను చదివితే ఆఖరి వరసలో ముసలాళ్లక్కూడా వినబడేది. ఆ గొంతు ఎవరి ద్వారానో విని అమలాపురంలో ఒక సినిమా హాలు వాళ్లు ప్రచారం రిక్షాలో కూర్చోబెట్టారు. రిక్షా పోయి ఆటో వచ్చింది, అద్దె ఆటో పోయి ఫైనాన్సు మీద సొంతది వచ్చింది. మొత్తం ముప్పై రెండేళ్లు. ఇప్పుడతనికి యాభై నాలుగు.

అతని దగ్గర నాలుగు గొంతులుండేవి. ఇది గొప్పకి చెప్పుకున్న మాట కాదు. వడ్రంగికి ఉలులున్నట్టు అతనికి గొంతులు. మొదటిది పండగ గొంతు: సువార్త మహాసభలకీ, చీరల కొట్టు ఆషాఢం తగ్గింపులకీ, పలివెల తీర్థంలో తప్పిపోయిన పిల్లల్ని పిలవడానికీ. శివుడి గుళ్లో కల్యాణానికి క్రైస్తవుడు మైకు పట్టుకోవడం గురించి పలివెలలో ఎవరూ ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. అనుకోవాలని వాళ్లకి చెప్పేవాళ్లు అప్పటికింకా ఫోన్లలోకి రాలేదు. రెండోది ఓటు గొంతు: వాక్యం చివర ఎత్తి వదిలిపెట్టడం. అభ్యర్థి పేరూ గుర్తూ మార్చుకుంటే సరిపోతుంది, మిగతా మాటలు అందరివీ ఒక్కటే. మూడోది హెచ్చరిక గొంతు: వరద, తుపాను, కరెంటు కోత. కోనసీమ జిల్లా పేరు గొడవలో నెట్ ఆపేసినప్పుడు, చదువుకున్న కుర్రాళ్లు సిగ్నల్ కోసం చించినాడ వంతెన దాటి వెళ్లి చెట్ల కింద లాప్‌టాపులు పెట్టుకున్న ఆ రోజుల్లో, వీధివీధికీ నూట నలభై నాలుగో సెక్షన్ సంగతి చెప్పింది ఆ గొంతే. తన వృత్తికి మళ్లీ మంచిరోజులొచ్చాయని అతను అప్పుడు పొరపడ్డాడు.

నాలుగోది చావు గొంతు. దానికి డబ్బు తీసుకునేవాడు కాదు. పేటలోవాళ్లకి పూర్తిగా ఉచితం, బయటివాళ్లయితే డీజిలు పోయిస్తే చాలు. పెన్‌డ్రైవులొచ్చి అందరూ ఒకసారి రికార్డు చేసి తిప్పుకోవడం మొదలెట్టాక కూడా చావుకబురు మాత్రం ప్రతి సందులోనూ కొత్తగా, నోటితోనే చెప్పేవాడు. ప్రభువునందు నిద్రించారు అనేది ఎవరికో, శివైక్యం చెందారు అనేది ఎవరికో, పరమపదించారు అంటే ఎవరు సంతోషిస్తారో, ఉత్తినే "చనిపోయారు" అంటే చాలని ఎవరు అనుకుంటారో అతనికి తెలుసు. పేరు చెప్పాక ఒక్క ఊపిరి ఆగేవాడు. ఆ ఆగడంలో అరుగు మీద ఉన్నవాళ్లు లేచి నిలబడతారని అతని లెక్క. పేటలో అతనికున్న పరువంతా ఆ ఒక్క ఊపిరి మీదే నిలబడి ఉండేది. ఓట్లప్పుడు ఎన్ని అబద్ధాలు మోసినా, చావుకి పిలిచేది తననే కదా అనేది అతని ధైర్యం.

రాజకీయాల మీద అతని అభిప్రాయాలు ఎవరూ అడగలేదుగాని, అతనికి అవి దండిగా ఉండేవి. ఓటరు దేవుడు అని చీటీలో రాసిస్తే చదివేవాడు. చదివాక మైకు కట్టేసి, ఆ దేవుడికి దణ్ణం కూడా ఐదేళ్లకొకసారే అని గొణుక్కునేవాడు. టీవీ చర్చలు పనివాడి చెవితో వినేవాడు. ఆరుగురు ఒకేసారి అరిస్తే తన మైకు ఆంప్లీ అయితే కాలిపోయేదనీ, వాళ్ల యంత్రం ఇంకా ఎందుకు కాలలేదో తెలీడంలేదనీ అనేవాడు. రాజోలు సెంటర్లో కరెంటు స్తంభాలకన్నా చానళ్ల లోగోలు ఎక్కువైపోయాయని అతని ఫిర్యాదు. అన్నిటికన్నా ఫోను మీద కోపం. దానికొక సిద్ధాంతం కూడా ఉండేది. తొంభై తొమ్మిది ఎన్నికల్లో మల్కిపురంలో అవతలి పార్టీవాళ్లు అతని ఆటో ఆపి చెంప మీద ఒకటిచ్చారు, తర్వాత వాళ్లే టీ ఇప్పించారు.

"మైకులో అబద్ధం చెబితే ఆటో ఉంటదండి, ఆటోకి నెంబరుంటది, లోపల నేనుంటాను. ఆపి కొట్టచ్చు. ఫోన్లో అబద్ధం చెప్పినోణ్ణి ఎక్కడని కొడతారండీ?" అనేవాడు.

దేశంలో సమాచార వ్యవస్థ గురించి నేను చదివిన మందపాటి పుస్తకాల్లో ఇంతకన్నా సూటిగా చెప్పినవి తక్కువ.

రెండువేల ఇరవై నాలుగు ఎన్నికలకి నెలన్నర ముందు నాగసతీష్ అనే కుర్రాడు వచ్చాడు. బీటెక్ చదివి ఒక అభ్యర్థికి సోషల్ మీడియా చూస్తున్నవాడు, మర్యాదస్తుడు. ప్రతి మాటకీ అంకుల్ అనేవాడు. అమలాపురం లాడ్జిలో గది తీసుకుని, రోడ్డు మోత వినబడకుండా కిటికీకి దుప్పటి కట్టి, ఒక చిన్న రికార్డింగు యంత్రం ముందు కూర్చోబెట్టి, గంటన్నర చదవాలన్నాడు. మూడువేలు అన్నాడు. ఆ మూడువేలూ కుర్చీలోంచి లేవకముందే ఫోన్లో వేసేశాడు. ఈ కథలో సకాలంలో డబ్బిచ్చినవాడు అతనొక్కడే.

కాగితాల్లో ఇరవై రెండు మండలాల పేర్లున్నాయి, అంకెలున్నాయి, అర్థంపర్థంలేని వాక్యాలున్నాయి. యేసురత్నం ఒక్క తప్పు లేకుండా చదివాడు. అయిపోయిందన్నాక పనివాడి పొగరు అడ్డొచ్చింది. ఓటు గొంతొక్కటే తీసుకెళ్తే ఎలా, మిగతా మూడు మాటేమిటి అన్నాడు. నాగసతీష్‌కి నాలుగు ఉంటాయని తెలీదు. ఇవ్వండి అంకుల్ అన్నాడు. పండగదీ హెచ్చరికదీ ఇచ్చి, చావుది ఇచ్చేముందు మాత్రం కొంచెంసేపు గోడవైపు చూసి, ఎవరూ చావని ఒక చావుకబురు చెప్పాడు. నాగసతీష్‌తో కలిపి గదిలో ఉన్న ముగ్గురు కుర్రాళ్లూ తెలీకుండానే లేచి నిలబడ్డారు. అది చూసి అతనికి ఎక్కడలేని సంతోషం వేసింది.

మధ్యలో టీ వచ్చింది. తాగుతూ కబుర్లు చెప్పాడు. ఓటుకి ఇద్దరూ డబ్బిస్తారు, ఇద్దరి దగ్గరా తీసుకుంటారు, ఇది ఏ ఊళ్లోనూ ఎవరూ దాచుకునేది కాదు, బయటికి చెప్పుకునేదీ కాదు. ఆ వేడిలో, నవ్వించడానికి, తమ పేట సంగతి కూడా చెప్పాడు. చర్చికి స్లాబు వేస్తున్నారనీ, నూరు బస్తాల సిమెంటు ఈ పార్టీ, నూరు బస్తాలు ఆ పార్టీ పంపాయనీ, కింద స్తంభాలు ఒకళ్లవి పైన స్లాబు ఒకళ్లదీ అయిందనీ, దేవుడు ఎటు ఓటేస్తాడో చూడాలనీ అన్నాడు. కుర్రాళ్లు పడీపడీ నవ్వారు. యంత్రం మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. తనకు నాలుగు గొంతులున్నాయని అనుకునేవాడేగాని, టీ తాగుతూ మాట్లాడేది కూడా ఒక గొంతేనని, దానికీ గిరాకీ ఉంటుందని అతనికి తట్టలేదు.

ఆ గొంతు నేర్చుకున్న కంప్యూటరు ఇక ఏది రాసిస్తే అది అచ్చం అతనిలాగే పలికేది. వారం తిరక్కుండా పద్నాలుగు ఆటోలు అతని గొంతుతో రోడ్డెక్కాయి. అతను ఇంటిదగ్గర కూర్చున్నాడు. మొదట్లో గర్వపడ్డాడు కూడా. ఉదయం పదింటికి జొన్నాడలో విన్నామని ఒకరు, సరిగ్గా పదింటికే దిండిలో విన్నామని ఇంకొకరు, నీకు రెక్కలొచ్చాయా అని వేళాకోళం చేశారు. పదో రోజుకి ఆ వేళాకోళం వెనకున్న లెక్క భార్య సువార్తమ్మ చెప్పింది. గొంతుకి పనుంది, మనిషికి లేదు. ఆ ఎన్నికల్లో అతన్ని ఏ పార్టీ పిలవలేదు.

పోలింగుకి నాలుగు రోజుల ముందు కువైట్ నుంచి కూతురు ఏంజెల్ ఫోన్ చేసింది. అక్కడ ఒక ఆస్పత్రిలో నర్సు ఆ పిల్ల. "నాన్నా, అలాగెందుకన్నావు?" అని ఏడ్చింది. ఏమన్నానో అతనికి తెలీదు. రాజోలు వాళ్ల గల్ఫ్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతున్న ఆడియో మళ్లీ రాజోలుకి పంపితే అప్పుడు విన్నాడు. నలభై సెకన్లు. ఎవరో పార్టీవాడితో ఫోన్లో ఓట్ల బేరమాడుతున్నట్టు ఉంది. నాలుగు గొంతుల్లో ఏదీ కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు.

రెండు పార్టీల సిమెంటు సంగతి ఉంది. అది అతనన్నదే. దాని తర్వాత, అదే ఊపులో, అదే నవ్వుతో, విజయ్ కుమార్ స్లాబు పేరుచెప్పి లక్ష జేబులో వేసుకున్నాడనీ, మా పేటవాళ్లకి సీసా చూపిస్తే ఎటంటే అటనీ, ఆ ఓట్లన్నీ నా చేతిలోనే ఉన్నాయనీ ఉంది. అవి అతను అనలేదు. కాని మూడుసార్లు విన్నాక అనలేదని చెప్పడం అతనిక్కూడా కష్టమైంది. "సీసా" దగ్గర నాలుక కొంచెం మందంగా తిరగడం, అచ్చం తనదే.

నాగసతీష్‌కి ఫోన్ చేశాడు. అవతలివాళ్లు చేశారన్నాడు నాగసతీష్. పద్నాలుగు ఆటోల్లో తిరిగిన గొంతు, ఎవడైనా పట్టుకోవచ్చన్నాడు.

"మరి సిమెంటు మాట లాడ్జిలో గదండీ అన్నాను?"

"అంకుల్, మొత్తం అబద్ధం అనేయండి. అంతా ఏఐ అనండి. అందరూ ఇప్పుడు అదే అంటున్నారు, జనం కూడా నమ్ముతున్నారు," అన్నాడు. ఆ కుర్రాడు చెప్పిన సలహాల్లో అది నిజంగా మంచి సలహా.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో, ఊచలు బయటికి కనిపిస్తున్న సగం స్లాబు కింద, పేటంతా ఆగింది. సంఘ పెద్ద విజయ్ కుమార్ ఫోన్ తీసి అది అందరిముందూ వినిపించాడు. అప్పటికి వినని మనిషి ఒక్కరే, యేసురత్నం తల్లి సూరమ్మ. ఎనభై దాటిన ఆవిడకి చెవులు వినబడవు. కుర్చీలో కూర్చుని, అందరూ తన కొడుకు గొంతు వింటున్నారని అర్థమై, సంతోషంగా చూస్తోంది.

"గొంతు నీదేనా రత్నం?" అన్నాడు విజయ్ కుమార్.

"గొంతు నాదేనండి బావగారూ."

"మాట?"

నాగసతీష్ ఇచ్చిన జవాబు నాలిక చివరే ఉంది. ముప్పై రెండేళ్లుగా రాసిచ్చినదల్లా చదివినవాడికి ఒక్క వాక్యం కష్టమా? కాని అది మైకు కాదు, ఎదురుగా ఉన్నది ఓటర్లు కాదు.

"సిమెంటు మాట అన్నానండి. నవ్వులాటకి అన్నాను. మిగతాది అనలేదండి, మెషీను చేసింది."

"సిమెంటు వరకు నువ్వు, అక్కణ్ణించి మెషీను."

"ఆయ్."

విజయ్ కుమార్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఇంకా అడగడానికి ఏముంది? మొత్తం అబద్ధమైతే పేట నవ్వుకునేది, పోలింగయ్యాక మర్చిపోయేది. సగం నిజమని సొంత నోటితో ఒప్పుకున్నాడు కాబట్టి రెండో సగం కూడా నిజమైపోయింది. పైగా అసలు కోపం అబద్ధానికి కాదు. సిమెంటు పుచ్చుకున్నందుకు ఎవరికీ సిగ్గు లేదు. అది కువైట్ దాకా వినబడినందుకు సిగ్గు. నిజం చెబితే మనసు తేలికపడుతుందని ప్రసంగాల్లో చెప్పేవాళ్లు ఆ మధ్యాహ్నం యేసురత్నం ఇంటికి వచ్చి చూడాల్సింది.

స్టేషనుకి వెళ్లాడు. కూర్చోబెట్టి మాట్లాడారు, మంచినీళ్లిచ్చారు, ముందు పంపినవాడెవడో చెబితే కేసు కడతామన్నారు. అది తెలిస్తే అతను స్టేషనుకి ఎందుకొస్తాడు? ఒక యూట్యూబ్ చానల్ వాళ్లని బతిమాలి తన గోడు వీడియో తీయించుకున్నాడు. రెండు వందల పన్నెండు మంది చూశారు. కింద మొదటి కామెంటు: "ఇది కూడా ఏఐ యేనా అంకుల్?"

పేటలో ఎవరూ తిట్టలేదు. కోనసీమలో తిట్టరు. ఎదురుపడితే బావున్నారా అండీ అన్నారు, ఇంటికొస్తే కాఫీ ఇచ్చారు. జూన్‌లో పేటలో ఇద్దరు పోయారు. రెండుసార్లూ మల్కిపురం నుంచి శివశంకర్ అనే మైకు కుర్రాడి ఆటో వచ్చింది. యేసురత్నం ఇంటి ముందునుంచే వెళ్లింది. రెండోసారి శివశంకర్ ఆటో నెమ్మది చేసి, "ఏమనుకోకండి గురువుగారూ, పిలిచేరు, వచ్చేను," అన్నాడు. యేసురత్నం ఏమీ అనుకోనని చెప్పి, పోయినావిడ అత్తింటి పేరు తప్పు చెబుతున్నావని దిద్దాడు.

చెంపమీద కొట్టేవాడొక్కడు కూడా లేడని సువార్తమ్మతో అన్నాడు. కొడితే టీ అయినా ఇప్పించేవారు.

బయటి పనీ పోయింది. గెలిచినవాళ్ల దగ్గర అతని గొంతు ఉండనే ఉంది. ఓడినవాళ్లకి ఆ గొంతు వింటే ఓటమి గుర్తొస్తుంది. జూలైలో ఒకరోజు అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ వెనక ఆగి ఉంటే, ఒక చీరల కొట్టు బాక్సులోంచి తన పండగ గొంతు ఒకటి కొంటే రెండు ఉచితం అంటోంది. ఆ కొట్టు అతను జన్మలో చూడలేదు. లోపలికి వెళ్లి అడుగుదామనుకున్నాడు. అడిగితే, ఫోన్లో వచ్చింది, ఎవరు పంపారో తెలీదంటారని అతనికి తెలుసు. వెళ్లలేదు.

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున్న సూరమ్మ పోయింది. అరగంటలో పేటంతా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే షామియానా వచ్చింది, కుర్చీలొచ్చాయి, శవపెట్టెకి కబురు వెళ్లింది. అందులో ఎవరూ లోటు చెయ్యలేదు. యేసురత్నం బ్యాటరీ తీసి ఆటోలో పెడుతుంటే విజయ్ కుమార్ దగ్గరికొచ్చాడు.

"శివశంకర్‌కి ఫోన్ చేసేను రత్నం. వస్తన్నాడు."

"మా అమ్మకి నేను చెప్పుకుంటానండి బావగారూ."

"చెప్పుకో. నేను కాదనను. నువ్వు చెబితే వీధిలోవాళ్లు ముందు నిన్ను వింటారు, ఆ వాట్సాప్‌ది గుర్తుచేసుకుంటారు, తర్వాత అమ్మ సంగతి వింటారు. ఈ ఒక్కరోజూ ఆవిడకెందుకది?"

కక్షతో అనుంటే యేసురత్నం ఆగేవాడు కాదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. సూరమ్మ ఆయన్ని ఎత్తుకుని ఆడించిన మనిషి. యేసురత్నం బ్యాటరీ కింద పెట్టి ఒక తెల్లకాగితం అడిగాడు. పేరు, భర్త పేరు, కొడుకు, కోడలు, మనవరాలు, సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. ఆగాల్సిన చోట్ల చిన్న గీతలు పెట్టాడు. శివశంకర్‌కి ఇచ్చి, ఎక్కడ ఆగాలో వేలుపెట్టి చూపించాడు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు శివశంకర్. వాకిట్లోనే ఆటోలో కూర్చుని ఫోన్లో ఒక్కసారి చదివి రికార్డు చేసుకుని, అది తిరిగి తిరిగి పలికేలా పెట్టుకుని, చెవికి రెండో ఫోను ఆనించి వెళ్లిపోయాడు.

పెట్టె పక్కన కూర్చుని యేసురత్నం విన్నాడు. పేరు తర్వాత శివశంకర్ ఆగలేదు. సూరమ్మ గారు ప్రభువునందు నిద్రించారు అన్నది బస్సు వేళలు చెప్పినట్టు సాగిపోయింది. కాలవ అవతలికి వెళ్లింది, తాటిపాక రోడ్డు మీదికి వెళ్లింది, చిన్నదై వినబడటం మానేసింది.

జనం రారేమోనని అతను భయపడ్డాడు. లేదా ఆశపడ్డాడు, అది అతనే తేల్చుకోలేకపోయాడు. మూడింటికల్లా ఆవరణ నిండిపోయింది. తాటిపాక నుంచి వచ్చారు, సఖినేటిపల్లి నుంచి వచ్చారు, ఆవిడ నాట్లు వేసిన చేల ఆసాములు వచ్చారు. అందరికీ కబురు అందింది, అందరికీ టైము సరిగ్గానే తెలిసింది. అరుగుల మీదనుంచి ఎవరు లేచి నిలబడ్డారో, ఎవరు నిలబడలేదో ఎవరూ చూడలేదు. ఆ ఊపిరి లేకపోయినా చావుకేమీ తక్కువ కాలేదు. కువైట్‌లో ఏంజెల్ ఫోన్లోనే అంతా చూసింది.

నలభై రోజుల తర్వాత యేసురత్నం ఆటో మీద మైకు గొట్టాలు విప్పేశాడు. ఆంప్లీతో కలిపి శివశంకరే కొనుక్కున్నాడు, బేరం ఆడలేదు. వెనక సీటు మళ్లీ బిగించి ఇప్పుడు రాజోలు, తాటిపాక మధ్య సర్వీసు వేస్తున్నాడు. ఎక్కినవాళ్లు ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. అతనితో ఎవరూ మాట్లాడరు, అతనూ పలకరించడు. దిగేచోటు అడగడానికి కూడా అద్దంలోంచి కళ్లెగరేస్తాడు. మొన్నొక ప్రయాణికుడు, ఎవరో పెద్దాయన, వచ్చే స్థానిక ఎన్నికల్లో గాలి ఎటుందండీ అనడిగితే, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు. సువార్తమ్మ మాత్రం ఇంట్లో అతను మాట్లాడటం తగ్గించలేదని చెబుతుంది. మాట్లాడేముందు ఫోన్లు పక్కగదిలో పెట్టొస్తాడట.

శివశంకర్ ఇచ్చిన డబ్బు రెండు వాయిదాలకి సరిపోయింది. ఆటో మీద ఫైనాన్సు వాళ్లకి ఇంకా పదకొండు వాయిదాలు కట్టాలి, వాయిదాకి ఏడువేల నాలుగు వందలు.